గీత అవతలి తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

2022 ఏప్రిల్ 22, ముంబయి వాంఖడే స్టేడియం. రాజస్థాన్ రాయల్స్ మీద ఢిల్లీ క్యాపిటల్స్ గెలవాలంటే ఆఖరి ఓవర్లో 36 పరుగులు కావాలి. అంటే ఆరు బంతులకూ ఆరు సిక్సర్లు. ఒబెద్ మెకాయ్ వేసిన మొదటి మూడు బంతుల్నీ రోవ్‌మన్ పావెల్ సిక్సర్లు బాదాడు. మూడోది ఫుల్‌టాస్, నడుము ఎత్తు దాటిందంటూ ఢిల్లీ డగౌట్ లేచి నిలబడింది. అంపైర్లు నోబాల్ ఇవ్వలేదు, మూడో అంపైర్‌ను అడగనూ లేదు. అప్పటికే ఔటై బౌండరీ తాడు దగ్గరున్న కెప్టెన్ రిషభ్ పంత్, క్రీజులో ఉన్న ఇద్దరినీ బయటికి వచ్చేయమని చేతులూపాడు. సహాయక కోచ్ ప్రవీణ్ ఆమ్రే ఏకంగా తాడు దాటి అంపైర్ల దగ్గరికి నడిచాడు. వాళ్లు ఆయన్ని వెనక్కి పంపేశారు. ఆట మళ్లీ మొదలైంది, ఢిల్లీ 15 పరుగుల తేడాతో ఓడింది.

తీర్పు ఇలా వచ్చింది. పంత్‌కు మ్యాచ్ ఫీజులో 100 శాతం కోత. అతనితో పాటు వాదనకు దిగిన శార్దూల్ ఠాకూర్‌కు 50 శాతం. ఆమ్రేకు 100 శాతం కోతతో పాటు ఒక మ్యాచ్ నిషేధం. బ్యాటర్లను వెనక్కి పిలిచిన కెప్టెన్ తర్వాతి మ్యాచ్ ఆడాడు. మైదానంలోకి వెళ్లిన సహాయక కోచ్ మాత్రం ఆ మ్యాచ్‌కు దూరంగా ఉండాల్సి వచ్చింది.

దీనికి మూడేళ్ల ముందు, 2019 ఏప్రిల్ 11న జైపూర్‌లోనూ దాదాపు ఇదే దృశ్యం. ఆఖరి ఓవర్లో బెన్ స్టోక్స్ వేసిన బంతికి ఒక అంపైర్ నోబాల్ అన్నట్టు చేయి చాపాడు, రెండో అంపైర్ కాదన్నాడు. కాసేపటి క్రితమే ఔటై డగౌట్‌లో కూర్చున్న చెన్నై కెప్టెన్ మహేంద్ర సింగ్ ధోనీ నేరుగా పిచ్ దాకా వెళ్లి అంపైర్లను నిలదీశాడు. శిక్ష: మ్యాచ్ ఫీజులో 50 శాతం కోత. నిషేధం లేదు. చెన్నై ఆ మ్యాచ్ ఆఖరి బంతికి గెలిచింది కూడా.

ధోనీ, ఆమ్రే చేసిన పని ఒకటే: ఆట జరుగుతుండగా మైదానంలోకి వెళ్లి అంపైర్‌తో వాదన. శిక్షలు మాత్రం ఒకటి కావు. సంవత్సరాలు వేరు, మ్యాచ్ రెఫరీలు వేరు, నిబంధనల్లో వర్తింపజేసిన అంశాలు వేరు అని సర్ది చెప్పుకోవచ్చు. కానీ లోకమంతటా వృత్తి క్రీడా లీగుల తీర్పులు వరుసగా చూసుకుంటూ పోతే ఇలాంటి తేడాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గీత అవతల నిలబడేవాళ్లలో పెద్ద పేరు ఉన్నవాడికి ఒక లెక్క, లేనివాడికి ఇంకో లెక్క.

ఎవరీ సిబ్బంది?

హెడ్ కోచ్, సహాయక కోచ్‌లు, ఫిజియో, జట్టు డాక్టర్, వ్యాయామ శిక్షకుడు, వీడియో విశ్లేషకుడు, మంచినీళ్లు అందించేవాడు, భద్రతాధికారి. క్రికెట్ నియమావళిలో వీళ్లందరినీ కలిపి ఆటగాళ్ల సహాయక సిబ్బంది అంటారు. ఆడేది వీళ్లు కాకపోయినా ఆటను మార్చే దూరంలో ఉంటారు. వీళ్ల తప్పులు కూడా రకరకాలు: అంపైర్ మీద నోరు పారేసుకోవడం, ప్రత్యర్థి ఆటగాడి మీద చేయి చేసుకోవడం, ఆట నడుస్తుండగా అడ్డుపడటం, దొంగ సైగలు పంపడం, బూటకపు గాయాలు సృష్టించడం.

ఫుట్‌బాల్‌లో చాలాకాలం వీళ్లకు కార్డులే లేవు. రెఫరీ నోటిమాటగా బయటికి పంపేవాడు. 2019–20 సీజన్ నుంచి ఆట చట్టాలు మారి, బెంచీ మీదున్నవాళ్లకూ పసుపు, ఎరుపు కార్డులు వచ్చాయి. అందులో ఒక చక్కటి మెలిక ఉంది. తప్పు చేసింది బెంచీలో ఎవరో రెఫరీకి తేలకపోతే, అక్కడున్నవాళ్లలో పెద్ద కోచ్ ఎవరైతే ఆయనకే కార్డు పడుతుంది. మనవాళ్ల తగువుల్లో చిన్నవాడి తప్పుకు ఇంటిపెద్దను నిలబెట్టి అడిగే పద్ధతే ఇది. కింది ఉద్యోగి వెనక దాక్కునే వీలు పెద్దాయనకు ఉండదు.

ఐపీఎల్‌లో ఇటీవలి తీర్పులు చిన్న తప్పుల విషయంలో బాగానే కుదురుకున్నట్టున్నాయి. 2024 ఏప్రిల్‌లో పంజాబ్‌తో మ్యాచ్‌లో క్రీజులోని బ్యాటర్‌కు డగౌట్ నుంచి రివ్యూ కోరమని సైగ చేసినందుకు ముంబయి బ్యాటింగ్ కోచ్ కీరన్ పొలార్డ్‌కు, ఆటగాడు టిమ్ డేవిడ్‌కు సమానంగా 20 శాతం కోత పడింది. 2023 మే 1న లఖ్‌నవూలో జరిగిన గొడవకు మెంటార్ గౌతమ్ గంభీర్‌కు, ఆటగాడు విరాట్ కోహ్లీకి చెరో 100 శాతం. 2025లో డీమెరిట్ పాయింట్లు వచ్చాక నాలుగో అంపైర్‌తో వాదించిన ఢిల్లీ బౌలింగ్ కోచ్ మునాఫ్ పటేల్‌కు 25 శాతం కోత, ఒక పాయింట్. వాన పడిన మ్యాచ్‌లో గుజరాత్ హెడ్ కోచ్ ఆశిష్ నెహ్రాకూ అదే కొలత. అసలు మైదానంలో ఆడని కోచ్‌కు మ్యాచ్ ఫీజు కోత ఏమిటని పాఠకుడికి సందేహం రావచ్చు. ప్రకటనల్లో మాత్రం అదే మాట ఉంటుంది, శాతమే తప్ప రూపాయల్లో ఎంతో ఉండదు.

ఉప్పల్‌లో తప్పు, విశాఖలో శిక్ష

లీగుల సంగతి పక్కన పెట్టి అంతర్జాతీయ క్రికెట్‌ను చూస్తే, ఇదే తరహా తప్పును మరికాస్త పద్ధతిగా తూచిన ఉదాహరణ మన గడ్డ మీదే ఉంది. 2018 అక్టోబరులో హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ రెండో టెస్టు. మూడో రోజు కీరన్ పావెల్‌ను ఔటిచ్చిన తీరు నచ్చక వెస్టిండీస్ కోచ్ స్టువర్ట్ లా టీవీ అంపైర్ గదికి వెళ్లి అనరాని మాటలన్నాడు. అక్కడితో ఆగక నాలుగో అంపైర్ దగ్గరికి వచ్చి ఆటగాళ్ల ముందే మళ్లీ అందుకున్నాడు. మ్యాచ్ ఫీజు మొత్తం పోయింది, మూడు డీమెరిట్ పాయింట్లు పడ్డాయి. 2017లో డొమినికాలో పాకిస్థాన్‌తో టెస్టు సందర్భంగా పడిన ఒక పాయింటు అప్పటికే ఆయన ఖాతాలో ఉంది. రెండేళ్లలోపు నాలుగు పాయింట్లు చేరితే రెండు వన్డేల నిషేధం. గువాహటిలో మొదటి వన్డే, విశాఖపట్నంలో రెండో వన్డే ఆయన లేకుండానే జరిగాయి. కోహ్లీ పదివేల పరుగుల మైలురాయి దాటి, రెండు జట్లూ 321 దగ్గర ఆగి టై అయిన మ్యాచ్ అదే.

ఈ కేసులో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. ఏ తప్పుకు ఎన్ని పాయింట్లు, ఎన్ని పాయింట్లకు ఎంత నిషేధం అన్నది ముందే రాసి ఉంది. ఆటగాళ్లకూ, కోచ్‌లకూ ఒకటే నిచ్చెన. లా ఎంత పేరున్న కోచ్ అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు.

అడ్డుకాలు, అడ్డుదారి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో పరిస్థితి వేరు. 2010 డిసెంబరు 12న న్యూయార్క్ జెట్స్ వ్యాయామ శిక్షకుడు సాల్ అలోసి, గీత పక్కగా పరిగెత్తుకొస్తున్న మయామి ఆటగాడు నోలన్ కారల్‌కు మోకాలు అడ్డుపెట్టి పడేశాడు. టీవీల్లో మళ్లీ మళ్లీ వేశారు. జట్టు మొదట మిగిలిన సీజన్ మొత్తానికి జీతం లేకుండా సస్పెండ్ చేసి 25 వేల డాలర్ల జరిమానా వేసింది. ఆ తర్వాత, ప్రత్యర్థి ఆటగాళ్ల దారికి అడ్డంగా ఉండేలా ఆ మ్యాచ్‌లో ఆడని ఆటగాళ్లను గోడలా వరసగా నిలబెట్టింది కూడా ఆయనేనని తేలడంతో సస్పెన్షన్ నిరవధికమైంది. లీగు జెట్స్‌కు లక్ష డాలర్ల జరిమానా వేసింది. 2011 జనవరి ముగిసేలోగా అలోసి రాజీనామా చేశాడు. ఒక మామూలు వ్యాయామ శిక్షకుడు తనంతట తానే ఐదారుగురు ఆటగాళ్లను గోడ కట్టించాడంటే, పైవాళ్ల కంట అది పడనే లేదంటే నమ్మడానికి కాస్త గట్టి గుండె కావాలి. జట్టు జరిమానా పక్కన పెడితే, మనుషులకు పడిన శిక్షలన్నీ ఆ ఒక్కడి దగ్గరే ఆగిపోయాయి.

మూడేళ్లు తిరగకుండానే, 2013 నవంబరు 28న బాల్టిమోర్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ హెడ్ కోచ్ మైక్ టామ్లిన్ గీత అంచున వీపు తిప్పి నిలబడి పెద్ద తెర మీద ఆట చూస్తున్నాడు. బంతి పట్టుకున్న జాకబీ జోన్స్ అటుగానే దూసుకొస్తున్నాడు. టామ్లిన్ పాదం మైదానంలో పడింది, ఆఖరి క్షణంలో ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ని తప్పించుకోబోయి జోన్స్ దారి మార్చాడు, 73 గజాలు పరిగెత్తాక దొరికిపోయాడు. రెఫరీలు జెండా ఎత్తలేదు. లీగు తర్వాత టామ్లిన్‌కు లక్ష డాలర్ల జరిమానా వేసింది. జట్టు నుంచి కొత్త ఆటగాణ్ని ఎంచుకునే డ్రాఫ్ట్ అవకాశం కూడా లాక్కునే ఆలోచన ఉందని చెప్పింది కానీ చివరకు లాక్కోలేదు. టామ్లిన్ ఒక్క మ్యాచ్‌కు కూడా దూరం కాలేదు.

అలోసిది కావాలని చేసిన తప్పు, టామ్లిన్‌ది పొరపాటు అని ఆయన తరఫువాళ్లు అంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆట మీద ప్రభావం చూస్తే లెక్క తారుమారవుతుంది. కారల్ పడింది బంతి దగ్గర కాదు. జోన్స్ చేతిలో బంతి ఉంది, ఎదుట గీత ఖాళీగా ఉంది.

అమెరికన్ ఫుట్‌బాల్ చట్టంలో దీనికి మందు లేకపోలేదు. ఇంత అడ్డగోలు జోక్యం జరిగితే రెఫరీ అక్కడికక్కడే పాయింట్లు ఇచ్చేయవచ్చు. 1954 జనవరి 1న డాలస్‌లో జరిగిన కాటన్ బౌల్ కాలేజీ మ్యాచ్‌లో అలబామా ఆటగాడు టామీ లూయిస్ బెంచీ మీద నుంచి లేచి మైదానంలోకి దూకి, పరిగెడుతున్న రైస్ ఆటగాణ్ని పడగొట్టాడు. రెఫరీ ఆలోచించకుండా 95 గజాల టచ్‌డౌన్ ఇచ్చేశాడు. నష్టపోయిన జట్టుకు ఆ రోజే, ఆ మైదానంలోనే న్యాయం దక్కింది. వృత్తి లీగుల్లో శిక్ష తర్వాతెప్పుడో వస్తుంది, స్కోరుబోర్డు మాత్రం మారదు.

2023 డిసెంబరు 3న ఫిలడెల్ఫియా ఈగల్స్ భద్రతాధికారి డామ్ డిశాండ్రో ఉదంతం ఇంకో కోణం. కొట్లాట ముదరకుండా శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు డ్రె గ్రీన్‌లాను పక్కకు నెట్టబోయాడు. గ్రీన్‌లా చెయ్యి ఆయన మొహం మీదికి వచ్చింది. ఇద్దరినీ బయటికి పంపారు. తర్వాత ఈగల్స్‌కు లక్ష డాలర్ల జరిమానా, డిశాండ్రోకు మిగిలిన రెగ్యులర్ సీజన్ అంతా గీత పక్కన నిలబడకుండా నిషేధం. అడ్డుకాలు పెట్టిన జట్టుకూ లక్షే, గొడవ ఆపబోయిన జట్టుకూ లక్షే, హెడ్ కోచ్‌కూ లక్షే. ఎన్ఎఫ్ఎల్ ఈ విషయంలో ఎక్కడ గుండు సున్నాలు పెట్టాలో ముందే నిర్ణయించుకున్నట్టుంది.

బొమ్మల దుకాణం రక్తం

కింది సిబ్బంది ఎలా నలిగిపోతారో చూపించే అసలు కథ ఇంగ్లండ్ రగ్బీలో జరిగింది. 2009 ఏప్రిల్ 12, లండన్ శివారులోని హార్లెక్విన్స్ మైదానం, యూరప్ క్లబ్బుల కప్పు క్వార్టర్‌ఫైనల్. లైన్‌స్టర్ 6–5తో ముందుంది. చివరి నిమిషాలు. హార్లెక్విన్స్‌కు గోల్ కొట్టగల నిక్ ఎవాన్స్ అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. నిబంధన ప్రకారం అతను తిరిగి రావాలంటే ఎవరికైనా రక్తం కారే గాయం కావాలి. జట్టు ఫిజియో స్టెఫ్ బ్రెన్నన్ మైదానంలోకి వెళ్లి టామ్ విలియమ్స్ చేతిలో ఒక గొట్టం పెట్టాడు. సరదా వస్తువులమ్మే దుకాణంలో కొన్న బూటకపు రక్తం అది. విలియమ్స్ దాన్ని కొరికాడు, నోరంతా ఎర్రబడింది, బయటికి వెళుతూ బెంచీ వైపు కన్ను కొట్టాడు. కెమెరా అది పట్టేసింది. లైన్‌స్టర్ మనుషులకు అనుమానం రావడంతో, డ్రెస్సింగ్ రూమ్‌లో జట్టు వైద్యురాలు విలియమ్స్ కోరిక మీద అతని పెదవిని నిజంగానే కోసింది. ఇంత చేసినా ఎవాన్స్ డ్రాప్ గోల్ గురి తప్పింది, హార్లెక్విన్స్ ఓడింది.

జులైలో జరిగిన మొదటి విచారణ ఫలితం చూడండి. ఆటగాడు విలియమ్స్‌కు ఏడాది నిషేధం, క్లబ్బుకు జరిమానా. డైరెక్టర్ డీన్ రిచర్డ్స్, ఫిజియో, వైద్యురాలు ముగ్గురి మీదా ఆరోపణలు కొట్టేశారు. మొత్తం నేరం ఒక్క కుర్రాడి నెత్తిన పడింది. విలియమ్స్ అప్పీలుకు వెళ్లి జరిగిందంతా చెప్పేశాడు. ఆగస్టులో తీర్పు తలకిందులైంది: రిచర్డ్స్‌కు మూడేళ్లు, బ్రెన్నన్‌కు రెండేళ్లు, విలియమ్స్ శిక్ష నాలుగు నెలలకు తగ్గింపు, క్లబ్బు జరిమానా పెంపు. అంతకు ముందూ నాలుగుసార్లు ఇలాంటి బూటకపు రక్తమే వాడారని బయటపడింది.

రగ్బీ శిక్షతో ఫిజియో కష్టాలు తీరలేదు. బ్రిటన్‌లో ఫిజియోల వృత్తి మండలి 2010లో ఆయన పేరునే రిజిస్టర్ నుంచి కొట్టేసింది. హైకోర్టు ఆ నిర్ణయం చెల్లదన్నాక చివరకు హెచ్చరికతో వదిలిపెట్టింది. వైద్యురాలు కూడా వైద్య మండలి ముందు నిలబడాల్సి వచ్చింది. ఆదేశమిచ్చిన డైరెక్టర్‌కు పోయేది ఒక ఉద్యోగం. ఆదేశం పాటించిన ఫిజియోకు, డాక్టర్‌కు చదువు, పట్టా, జీవనోపాధి అన్నీ పణంగా ఉంటాయి. లీగులు శిక్ష తూచేటప్పుడు ఈ రెండో బరువును లెక్కలోకి తీసుకోవు.

600 యూరోల కంటిపోటు

యూరప్ ఫుట్‌బాల్‌లో ఒకే రకం తప్పుకు దేశాన్ని బట్టి ధర మారుతుంది. 2011 ఆగస్టు 17న స్పానిష్ సూపర్ కప్పులో రియల్ మాడ్రిడ్ కోచ్ జోసె మొరిన్యో, బార్సిలోనా సహాయక కోచ్ టిటో విలనోవా కంట్లో వేలు పొడిచాడు. విలనోవా బదులుగా ఒకటిచ్చుకున్నాడు. మొరిన్యోకు రెండు మ్యాచ్‌ల నిషేధం, 600 యూరోల జరిమానా. అదీ సూపర్ కప్పు మ్యాచ్‌లకే, అంటే వచ్చే ఏడాది మాట. పొడిపించుకున్నవాడికీ ఒక మ్యాచ్ పడింది. మరుసటి ఏడాది సమాఖ్య అధ్యక్షుడు ఇద్దరికీ క్షమాభిక్ష పెట్టడంతో ఆ కాస్తా గాలికి పోయింది.

ఇంగ్లండ్‌లో 2014 మార్చి 1న న్యూకాజిల్ మేనేజర్ అలన్ పార్డ్యూ హల్ ఆటగాడు డేవిడ్ మేలర్‌ను తలతో ఢీకొట్టాడు. ఏడు మ్యాచ్‌ల నిషేధం పడింది. అందులో మూడింటికి స్టేడియంలో అడుగే పెట్టకూడదు. ఫుట్‌బాల్ అసోసియేషన్ 60 వేల పౌండ్లు, క్లబ్బు లక్ష పౌండ్లు జరిమానా వేశాయి. అతిగా ఉందని అన్నవాళ్లు తక్కువే.

మన దేశంలో భారీ శిక్ష అంటే ఐఎస్ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్‌దే. 2023 మార్చి 3న బెంగళూరులో సునీల్ ఛెత్రి గోడ సిద్ధం కాకుండానే కొట్టిన ఫ్రీకిక్ గోల్‌ను ఒప్పుకోక ఆయన జట్టు మొత్తాన్ని మైదానం నుంచి పిలుచుకుపోయాడు. కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం, ఐదు లక్షల జరిమానా. క్లబ్బుకు నాలుగు కోట్లు. బహిరంగ క్షమాపణ చెప్పకపోతే పది లక్షలు, ఆరు కోట్లు అని షరతు. శిక్ష కఠినమే, కానీ వాంఖడేలో జరిగినదానికి పూర్తిగా తిరగేసి పడింది. నిర్ణయం తీసుకున్న పెద్దకు పెద్ద శిక్ష, సంస్థకు ఇంకా పెద్దది.

సంఘం ఉన్నవాడు, లేనివాడు

ఈ తేడాలన్నిటికీ మూలం ఒకచోట బయటపడుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో న్యూఆర్లీన్స్ సెయింట్స్ రక్షణ విభాగం, ప్రత్యర్థులను గాయపరిస్తే బహుమతులిచ్చే నిధి నడిపిందని 2012లో లీగు తేల్చింది. హెడ్ కోచ్ షాన్ పేటన్‌కు ఏడాది, రక్షణ కోచ్ గ్రెగ్ విలియమ్స్‌కు నిరవధికంగా, సహాయక హెడ్ కోచ్ జో విట్‌కు ఆరు మ్యాచ్‌లు సస్పెన్షన్. జట్టుకు ఐదు లక్షల డాలర్ల జరిమానా. నలుగురు ఆటగాళ్లకూ నిషేధాలు పడ్డాయి. ఇక్కడి నుంచి దారులు విడిపోయాయి. ఆటగాళ్లకు సంఘం ఉంది, లాయర్లున్నారు, లీగుతో రాసుకున్న ఒప్పందం ఉంది. వాళ్ల అప్పీలును మాజీ కమిషనర్ పాల్ టాగ్లియాబ్యూ విని, డిసెంబరులో నలుగురి శిక్షలూ రద్దు చేశాడు. పేటన్, విట్‌ల అప్పీళ్లు విన్నది శిక్ష వేసిన కమిషనర్ రోజర్ గుడెలే. ఏప్రిల్‌లోనే కొట్టేశాడు.

బేస్‌బాల్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ కెమెరాతో సైగలు దొంగిలించిన కుంభకోణంలో (2020 జనవరి) సాక్ష్యం చెప్పినందుకు ఆటగాళ్లెవరికీ శిక్ష పడలేదు. మేనేజర్ ఎ.జె. హించ్‌కు, జనరల్ మేనేజర్ జెఫ్ లునౌకు ఏడాదేసి పడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్ రెడ్‌సాక్స్ మీద వచ్చిన ఇలాంటి కేసులో, ఆ జట్టు 2018 ఛాంపియన్ అయినా, తప్పంతా ఒక వీడియో రీప్లే ఆపరేటర్‌దేనని లీగు తేల్చింది. అతణ్ని ఏడాది జీతం లేకుండా సస్పెండ్ చేసి, మరుసటి ఏడాది కూడా అదే పని చేయకూడదంది. తాను తప్పు చేయలేదని అతను చెప్పుకున్నాడు. రెడ్‌సాక్స్ మేనేజర్ అలెక్స్ కోరా అదే ఏడాది సస్పెండైనా, అది హ్యూస్టన్‌లో చేసిన తప్పుకు. శిక్ష ముగిసిన కొద్ది రోజులకే బోస్టన్ ఆయన్ని మళ్లీ మేనేజర్‌గా తీసుకుంది. హించ్‌కు డెట్రాయిట్‌లో ఉద్యోగం దొరికింది. పేటన్ 2013లో తన కుర్చీలోకి తిరిగొచ్చాడు.

ఎన్ఎఫ్ఎల్ కోచ్‌లకు ఒక అసోసియేషన్ ఉంది కానీ, అది ఆటగాళ్ల సంఘంలా లీగుతో ఒప్పందం కుదుర్చుకోగల యూనియన్ కాదు. ఫిజియోకూ, వీడియో ఆపరేటర్‌కూ ఆ మాత్రం కూడా లేదు. నిబంధన ముందే రాసి ఉందా, శిక్ష తప్పును బట్టి పడుతుందా పదవిని బట్టా, ఆదేశమిచ్చినవాడి దాకా వెళుతుందా, అప్పీలు వినేది వేరే మనిషా అన్న ప్రశ్నలతో చూస్తే ఐసీసీ పాయింట్ల పద్ధతి, ఫుట్‌బాల్ బెంచీ కార్డు నిబంధన పాసవుతాయి. ఐపీఎల్ చిన్న తప్పుల్లో పాసై, పెద్దవాటిలో తడబడింది. దర్యాప్తు, శిక్ష, అప్పీలు మూడూ ఒకే కమిషనర్ చేతిలో ఉంచుకున్న అమెరికా లీగులు సిబ్బంది విషయంలో న్యాయంగా ఉన్నాయని చెప్పడానికి ఇప్పటివరకు ఉన్న తీర్పులు ఒప్పుకోవు.